చీకట్లో పనికొచ్చే జేబు కెమెరా ఎంచుకోవడం ఎలా?

మిట్టమధ్యాహ్నం ఎండలో పదేళ్ల కిందటి చిన్న కెమెరా కూడా మంచి ఫోటోనే ఇస్తుంది. దీపాలు పెట్టే వేళ దాటాకే ఏది ఎంతటిదో బయటపడుతుంది. ముఖాలు షేక్ అవుతాయి, నీడల్లో రంగు చుక్కలు తేలతాయి, ఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఉంటుంది. ఇవి ఎందుకు జరుగుతాయో తెలిస్తే, స్పెసిఫికేషన్ల పట్టిక చూసి సగం మోడళ్లను ఇంట్లో కూర్చునే పక్కన పెట్టేయొచ్చు. మిగతావి చేతిలోకి తీసుకుని తేల్చుకోవాలి.

ఇక్కడ మాట్లాడేది లెన్స్ మార్చే వీలులేని, జేబులో పట్టే కెమెరాల గురించే.

అసలు ఫోన్ చాలదా?

ఈ ప్రశ్న ముందే తేల్చుకోవడం మంచిది. ఫోన్‌లో నైట్ మోడ్ నొక్కితే అది ఒక్క ఫోటో తీయదు. వరసగా చాలా ఫ్రేములు తీసి, ఒకదానిమీద ఒకటి సరిగ్గా పేర్చి, నాయిస్ (ఆ రంగు చుక్కలు) తగ్గించి ఒక్కటిగా చూపిస్తుంది. కదలని భవనాలు, ఖాళీ వీధులు, దీపాలంకరణ లాంటివాటికి ఈ కిటుకు ఎంత బాగా పనిచేస్తుందంటే, మంచి ఫోన్ పక్కన మామూలు కాంపాక్ట్ కెమెరా వెలవెలబోతుంది. మీరు తీసేవన్నీ అలాంటివే, వాటిని చూసేదీ ఫోన్ తెరమీదే అయితే డబ్బు దాచుకోండి.

మనుషులు కదులుతున్నప్పుడు కథ మారుతుంది. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య చెయ్యి, ముఖం జరిగిపోతాయి కాబట్టి పేర్చడం కుదరదు. ఫోన్ ముఖాన్ని నున్నగా పూసేస్తుంది, లేదా అలికేస్తుంది. ఒకే ఒక్క క్లిక్‌లో ఎక్కువ వెలుతురు పట్టే కెమెరా అక్కడే అక్కరకొస్తుంది. నిజమైన జూమ్, నిజమైన ఫ్లాష్, తర్వాత తీరిగ్గా సరిచేసుకోగల రా ఫైల్ (సెన్సర్ పట్టినదంతా మార్పుల్లేకుండా దాచే ఫైల్) కూడా కెమెరా వైపు ఉన్న లాభాలు.

మొదటి అడుగు: మీ ఫోటోల్లో ఎవరు కదులుతున్నారు?

చీకట్లో ఫోటో పాడవడానికి రెండు వేర్వేరు కదలికలు కారణం. ఒకటి మీ చెయ్యి వణకడం, రెండోది ఎదుటివాళ్లు కదలడం. మొదటిదాన్ని స్టెబిలైజేషన్, అంటే లెన్స్‌నో సెన్సర్‌నో జరిపి వణుకును సరిచేసే ఏర్పాటు ఆపుతుంది. రెండోదాన్ని వేగమైన షట్టర్ (సెన్సర్‌మీద వెలుతురు పడే సమయం తక్కువగా ఉండటం) తప్ప ఏదీ ఆపలేదు, లేదంటే ఫ్లాష్ వెయ్యాలి. ఈ తేడా తెలియక స్టెబిలైజేషన్ అంకెలు చూసి మురిసిపోయి కొనేవాళ్లు చాలామంది. తీరా ఇంటికి తెచ్చాక గోడమీద క్యాలెండర్ పదునుగా, దానిముందు నిలబడ్డ మనిషి మసకగా వస్తుంది.

కదలకుండా కూర్చున్నవాళ్లకు సెకనులో 60వ వంతు సరిపోతుంది. మాట్లాడుతూ చేతులూపే వాళ్లకు 125వ వంతు కావాలి. ఆడుకునే పిల్లలకు 250వ వంతైనా ఉండాలి. మీ ఫోన్‌లో రాత్రిపూట తీసిన పాత ఫోటోలు ఒకసారి తిరగేయండి. వాటిలో ఏ రకం ఎక్కువ ఉంటే మీ అవసరం అది. ఊహించుకున్న అవసరాల కన్నా ఈ లెక్క నిజాయితీగా ఉంటుంది.

రెండో అడుగు: ఒక గదిని లెక్కగట్టి చూడండి

రాత్రిపూట ఒక మోస్తరుగా దీపాలు వెలిగే గది తీసుకుందాం. అపర్చర్ అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ సంఖ్య చిన్నదైతే అది పెద్దది. ఐఎస్ఓ అంటే ఆ వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపిస్తుందో చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ నాయిస్ కనబడుతుంది. షట్టర్ 1/60, అపర్చర్ ఎఫ్/2.8 పెడితే ఐఎస్ఓ సుమారు 1600 పడుతుంది. అదే గదిలో, అదే షట్టర్‌తో, ఎఫ్/1.8 లెన్స్ అయితే ఐఎస్ఓ 640 దగ్గరే ఆగుతుంది. జూమ్ చివరికి వెళ్లాక ఎఫ్/4.9కు పడిపోయే లెన్స్ అయితే అది 5000 దాకా పోతుంది.

ఇప్పుడు గదిలో పిల్లవాడు పరిగెడుతున్నాడు అనుకోండి. షట్టర్ 1/250కి పెంచాలి, అంటే ఈ అంకెలన్నీ నాలుగింతలవుతాయి. ఎఫ్/1.8కి సుమారు 2500, ఎఫ్/2.8కి 6400, ఎఫ్/4.9కి 20,000. మొదటిది ఏ మాత్రం మంచి సెన్సర్‌కైనా ఇబ్బంది కాదు. మూడోది ఈ పరిమాణపు కెమెరాలు వేటికీ హాయిగా ఉండదు. పెట్టెమీద ‘ఐఎస్ఓ 25,600 వరకు’ అని ఉన్నా, అది కెమెరా ఒప్పుకునే అంకె మాత్రమే. బాగుంటుందని ఎవరూ మాటివ్వలేదు.

మూడో అడుగు: సెన్సర్‌నూ అపర్చర్‌నూ కలిపి చదవండి

అసలు విషయం ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త నిదానిద్దాం. ‘పెద్ద సెన్సర్ కావాలి’ అని ఒకరంటారు, ‘ఎఫ్/1.8 లెన్స్ కావాలి’ అని ఇంకొకరంటారు. విడివిడిగా చూస్తే రెండూ సగం మాటలే. లెన్స్ వెలుతురును పోస్తుంది, సెన్సర్ పట్టుకుంటుంది. వానలో పెట్టిన గిన్నెలాగ, వాన ఎంత జోరుగా ఉందో, గిన్నె నోరు ఎంత వెడల్పో రెండూ తెలిస్తేనే ఎన్ని నీళ్లొచ్చాయో తెలుస్తుంది.

దీనికో సులువైన గుణకారం ఉంది. ప్రతి సెన్సర్ పరిమాణానికీ క్రాప్ ఫ్యాక్టర్ అనే అంకె ఉంటుంది, ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ కన్నా దాని కర్ణం ఎన్ని రెట్లు చిన్నదో అది చెబుతుంది. కెమెరా ఎఫ్ సంఖ్యను దానితో గుణించండి. వచ్చిన అంకె ఎంత చిన్నదైతే చీకట్లో ఫోటో అంత శుభ్రంగా వస్తుంది.

- చౌక కాంపాక్టుల్లో ఉండే 1/2.3 అంగుళాల సెన్సర్ (సుమారు 6.2 × 4.6 మి.మీ.): 5.6
- 1/1.7 అంగుళాలు (7.6 × 5.7 మి.మీ.): 4.6
- ఒక అంగుళం (13.2 × 8.8 మి.మీ.): 2.7
- ఫోర్ థర్డ్స్ (17.3 × 13 మి.మీ.): 2
- ఏపీఎస్-సీ (సుమారు 23.5 × 15.6 మి.మీ.): 1.5, క్యానన్ వాటికి 1.6
- ఫుల్ ఫ్రేమ్ (36 × 24 మి.మీ.): 1

ఒక అంగుళం సెన్సర్‌లో ఏ కొలతా అంగుళం ఉండదని గమనించే ఉంటారు. పాతకాలపు వీడియో కెమెరా ట్యూబుల బయటి కొలత నుంచి వచ్చిన పేరది. కర్ణం కొలిచినా 16 మి.మీ. దాటదు. అందుకే అంగుళాలు వదిలేసి మిల్లీమీటర్లు చూడమంటాను.

ఇక గుణించి చూద్దాం. 1/2.3 అంగుళాల సెన్సర్‌కు ఎఫ్/2 లెన్స్ ఉందని గొప్పగా రాస్తారు. 2 × 5.6, అంటే 11. సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 3 (2014)లో ఒక అంగుళం సెన్సర్, వైడ్‌లో (జూమ్ చేయకముందు) ఎఫ్/1.8. వచ్చేది 4.9. రికో జీఆర్ 3 (2019)లో ఏపీఎస్-సీ సెన్సర్, ఎఫ్/2.8 లెన్స్. వచ్చేది 4.2. ప్యానసోనిక్ ఎల్‌ఎక్స్10 (2016, కొన్ని చోట్ల ఎల్‌ఎక్స్15 అన్న పేరుతో వచ్చింది)లో ఒక అంగుళం సెన్సరే, కానీ వైడ్‌లో ఎఫ్/1.4. వచ్చేది 3.8. ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100 సిక్స్ (2024)లో ఏపీఎస్-సీ, ఎఫ్/2. వచ్చేది 3.

రెండు అంకెల మధ్య 1.4 రెట్లు తేడా ఉంటే ఒక స్టాప్, అంటే వెలుతురులో రెండింతల తేడా. ఆ లెక్కన 4.9కీ 4.2కీ మధ్య ఉన్నది అర స్టాప్ కూడా కాదు. ‘జీఆర్‌లో మూడింతల పెద్ద సెన్సర్ ఉంది, ఆర్‌ఎక్స్100 దాని ముందు ఎంత?’ అనేవాళ్లకు ఇది మింగుడుపడదు. సెన్సర్ విస్తీర్ణం మూడింతలన్నది నిజమే, లెన్స్ రెండున్నర రెట్లు తక్కువ వెలుతురు పోస్తున్నదీ నిజమే. వైడ్‌లో రెండూ దాదాపు చెల్లుకు చెల్లు.

ఈ గుణించిన అంకె కెమెరాలను పోల్చడానికే పనికొస్తుంది. షట్టర్, ఐఎస్ఓ లెక్కలకు లెన్స్‌మీద రాసిన అసలు ఎఫ్ సంఖ్యే వాడాలి. సెన్సర్ తరం వల్ల కూడా కొంత తేడా వస్తుంది. 2013 నాటి ఆర్‌ఎక్స్100 మార్క్ 2లో సోనీ బీఎస్ఐ సెన్సర్ (వైరింగ్ వెనక వైపు ఉండి వెలుతురుకు అడ్డురానిది) పెట్టాక నాయిస్ కొంత తగ్గింది. అయితే ఇలాంటి మెరుగుదల, మంచి లెన్స్ తెచ్చే లాభంతో పోలిస్తే చిన్నదే. మెగాపిక్సెళ్ల సంగతి ఈ విషయంలో మరిచిపోవచ్చు. 20 అయినా 40 అయినా ఒకే సైజులో చూసినప్పుడు నాయిస్‌లో పెద్ద తేడా కనబడదు.

నాలుగో అడుగు: జూమ్ చివర ఏముందో చూడండి

లెన్స్‌మీద ఎఫ్/1.8-4.9 అని రెండు అంకెలుంటే, ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనబడేది మొదటిదే. 2012లో వచ్చిన మొదటి ఆర్‌ఎక్స్100 అలాంటిదే. 28 మి.మీ. దగ్గర ఎఫ్/1.8, 100 మి.మీ. దగ్గర ఎఫ్/4.9. (ఇక్కడ మి.మీ. అంటే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో ఫోకల్ లెంగ్త్. అంకె చిన్నదైతే దృశ్యం వెడల్పుగా, పెద్దదైతే దగ్గరగా కనబడుతుంది.) మార్క్ 3లో లెన్స్ 24-70కి మారి, చివరికి వెళ్లినా ఎఫ్/2.8 దగ్గరే ఆగింది. 2018లో మార్క్ 6 వచ్చేసరికి 24-200 జూమ్ పెట్టి, మొదలే ఎఫ్/2.8 చేశారు, చివర ఎఫ్/4.5. గుణిస్తే 7.6 నుంచి 12. పేరు అదే, మోడల్ నంబరు పెద్దది, ధరా ఎక్కువే, చీకట్లో మాత్రం పాతదాని కన్నా వెనకబాటు. కొత్త మోడల్ కదా అని కళ్లు మూసుకుని కొనేవాళ్లు పడే బోల్తా ఇదే.

మరి జూమ్ లేని కెమెరా తీసుకుని, కావలసిన భాగాన్ని తర్వాత కత్తిరించుకుంటే? కత్తిరింపుకీ ఇదే గుణకారం వర్తిస్తుంది. 28 మి.మీ. జీఆర్‌ను 50 మి.మీ.కి కత్తిరిస్తే దాని 4.2 కాస్తా 7.5 అవుతుంది. 50 దగ్గర ఆర్‌ఎక్స్100 మార్క్ 3 అంకె 7.6. అంటే సమానం. 70 దాకా కత్తిరిస్తే జీఆర్ 10.5కి పోతుంది, ఆర్‌ఎక్స్ మాత్రం 7.6 దగ్గరే ఉంటుంది. కాబట్టి ఎక్కువగా 35 లోపు తీస్తే జూమ్ లేని కెమెరా, 50 దాటి ముఖాలు దగ్గరగా తీస్తే మంచి జూమ్ ఉన్నది. మీ ఫోన్‌లో 2 రెట్ల జూమ్ బటన్ ఎంత తరచుగా నొక్కుతారో గుర్తు చేసుకుంటే జవాబు దొరుకుతుంది.

అయిదో అడుగు: స్టెబిలైజేషన్

కదలని దృశ్యాలకు ఇది రెండు మూడు స్టాపుల లాభం ఇస్తుంది. 28 మి.మీ. లెన్స్‌తో మామూలుగా 1/30 కన్నా నెమ్మదిగా చేత్తో తీయడం కష్టం. స్టెబిలైజేషన్ ఉంటే, మోచేతులు పక్కలకు ఆనించి 1/4 దాకా పోవచ్చు. అప్పుడు ఐఎస్ఓ 3200కు బదులు 400 చాలు.

కొన్ని మంచి కెమెరాల్లో అసలిది లేదు. 2013, 2015 నాటి జీఆర్‌లు, నికాన్ కూల్‌పిక్స్ ఏ, ఫ్యూజీఫిల్మ్ ఎక్స్ఎఫ్10, ఎక్స్100 సిక్స్‌కు ముందు వచ్చిన ఎక్స్100 వరస అంతా ఈ కోవలోవే. జీఆర్ 3లో మూడు అక్షాల (మూడు రకాల వణుకును సరిచేసే) స్టెబిలైజేషన్ వచ్చింది, 2025 నాటి జీఆర్ 4లో అయిదు అక్షాలు చేశారు. మనుషులనే తీసేవాళ్లు దీనికోసం ఎక్కువ పెట్టనక్కర్లేదు. రాత్రి వీధులు తీసేవాళ్లు తప్పక చూడాలి.

ఆరో అడుగు: చీకట్లో ఫోకస్

ఇది స్పెసిఫికేషన్లలో సరిగా కనబడదు, వాడేటప్పుడు మాత్రం అన్నిటికన్నా ఎక్కువ విసిగిస్తుంది. కాంట్రాస్ట్ పద్ధతిలో ఫోకస్ చేసే కెమెరా లెన్స్‌ను ముందుకీ వెనక్కీ జరిపి, ఎక్కడ అంచులు పదునుగా ఉన్నాయో వెతుకుతుంది. చీకట్లో అంచులే కనబడవు, అందుకే తచ్చాడుతుంది. ఫేజ్ డిటెక్షన్ ఉన్న సెన్సర్‌కు ఎటు జరపాలో ముందే తెలుస్తుంది. ఆర్‌ఎక్స్100 వరసలో ఇది 2016లో మార్క్ 5తో వచ్చింది. క్యానన్ జీ7 ఎక్స్ మూడు తరాల్లోనూ కాంట్రాస్ట్ పద్ధతే. జీఆర్ 3లో రెండు పద్ధతులూ కలిపారు, అయినా మసక వెలుతురులో దాని ఫోకస్ నిదానమేనని వాడేవాళ్లందరికీ తెలుసు.

జీఆర్‌లో దీనికో మంచి ఉపాయం ఉంది, స్నాప్ ఫోకస్. దూరాన్ని ముందే 2 మీటర్లు అని పెట్టుకుంటారు. బటన్ ఒక్కసారిగా పూర్తిగా నొక్కితే వెతుకులాట లేకుండా ఆ దూరానికే ఫోటో తీసేస్తుంది. ఎఫ్/2.8 దగ్గర కూడా సుమారు 1.5 నుంచి 3 మీటర్ల మధ్య ఉన్నవన్నీ చాలినంత పదునుగా వస్తాయి. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లను తీయడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఫోకస్‌కు సాయపడే చిన్న దీపం ఉన్న కెమెరాలూ ఉన్నాయి, కానీ ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. దాన్ని ఆపేసే వీలుందో లేదో చూసుకోండి.

ఏడో అడుగు: జేబు అంటే ఏ జేబు?

బరువు కన్నా మందం ముఖ్యం. జీఆర్ 3 సుమారు 33 మి.మీ. మందం, 257 గ్రాములు, ప్యాంటు జేబులో దూరిపోతుంది. ఆర్‌ఎక్స్100 మార్క్ 7 దాదాపు 43 మి.మీ., 302 గ్రాములు. ఇది జేబులో పడుతుంది కానీ ఉబ్బుగా కనబడుతుంది. ఎక్స్100 సిక్స్ 55 మి.మీ. మందం, 521 గ్రాములు. దాన్ని జేబు కెమెరా అనాలంటే మీది కోటు జేబై ఉండాలి. అట్టముక్కలు ఆ మందానికి పేర్చి, టేపు చుట్టి, ఒకరోజు జేబులో వేసుకు తిరగండి. నవ్వుకోకండి, ఇంట్లో సొరుగులో పడి ఉండే కెమెరా ఎంత గొప్పదైనా రాత్రి ఫోటో తీయలేదు.

చిన్నవే, కానీ అడిగి తీరాల్సినవి

ఆటో ఐఎస్ఓలో కనీస షట్టర్ స్పీడ్ పెట్టుకునే వీలుందా? లేకపోతే కెమెరా తనకు తోచినట్టు 1/30 పెట్టేసి మనుషులను మసక చేస్తుంది. కంపెనీ సైట్‌లో మాన్యువల్ పీడీఎఫ్ ఉంటుంది, కొనకముందే అందులో వెతకండి.

రా ఫైల్ ఇస్తుందా అన్నది రెండో ప్రశ్న. కంప్యూటర్‌లో నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్లు, అంటే డీఎక్స్ఓ డీప్‌ప్రైమ్, లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన డీనాయిస్ లాంటివి రా ఫైళ్లమీద చేసే పని చూస్తే, చేతిలో ఉన్న పాత కెమెరాను అమ్మేయాలనే ఆలోచనే మానుకుంటారు.

ఫ్లాష్ అక్కర్లేదనుకునేవాళ్లు మరోసారి ఆలోచించండి. ఆర్‌ఎక్స్100 పైకి లేచే ఫ్లాష్‌ను వేలితో వెనక్కి వంచితే వెలుతురు తెల్లటి పైకప్పుకు తగిలి మెత్తగా దిగుతుంది, ముఖాలు తెల్లబోవు. జీఆర్ 3లో ఫ్లాష్ లేదు, అంతకుముందు జీఆర్ 2లో ఉండేది.

బ్యాటరీ విషయంలో జీఆర్ 3 మరీ పిసినారి. ప్రామాణిక పరీక్షలోనే 200 ఫోటోలు. రెండో బ్యాటరీ ధర కలిపే బడ్జెట్ వేసుకోండి.

నేనైతే ఏది ఎంచుకుంటాను

ఇంట్లో పిల్లలు, స్నేహితుల కూడికలు ముఖ్యమైతే ఆర్‌ఎక్స్100 మార్క్ 3, 4, 5లలో ఒకటి, ఫోకస్ కోసం వీలైతే 5. రాత్రి వీధుల్లో నడుస్తూ తీసేవాళ్లకు జీఆర్ 3. మరీ వైడ్‌గా ఉందనిపిస్తే 40 మి.మీ. లెన్స్‌తో 2021లో వచ్చిన జీఆర్ 3ఎక్స్. తక్కువలో కావాలంటే సెకండ్ హ్యాండ్ ఎల్‌ఎక్స్10. వైడ్‌లో దాని అంకె చూశారుగా, అయితే జూమ్ చేస్తే ఆ ఎఫ్/1.4 త్వరగానే జారిపోతుంది. క్యానన్ జీ7 ఎక్స్ లెన్స్ 24-100 దాకా ఎఫ్/1.8-2.8లోనే ఉండటం నాకు నచ్చుతుంది, దాని ఫోకస్ నచ్చదు. జేబు నియమం కాస్త సడలిస్తే ఎక్స్100 సిక్స్ వీటన్నిటికన్నా మెరుగు, ధర కూడా ఆ మేరకే.

చివరి అడుగు: చేతిలోకి తీసుకుని పరీక్షించండి

షాపులో దీపాలు బోలెడు ఉంటాయి, అక్కడ ఏ కెమెరా అయినా బాగానే కనబడుతుంది. కౌంటర్ కింద, బల్ల నీడలో నల్లటి బ్యాగు మీద ఫోకస్ చేసి చూడండి. పవర్ నొక్కినప్పటి నుంచి మొదటి ఫోటో పడేదాకా ఎంతసేపు పడుతుందో గమనించండి. జూమ్ చివర అతి పెద్ద అపర్చర్‌తో ఒక ఫోటో తీసి, మూలలు పెద్దవి చేసి చూడండి.

ఎల్ఈడీ దీపాల కింద సైలెంట్ షట్టర్‌తో తీసినప్పుడు అడ్డంగా చారలు పడితే అది కెమెరా లోపం కాదు, కరెంటుతో పాటు దీపం మినుకుమనడం వల్ల వచ్చేది. మెకానికల్ షట్టర్‌కు మారి, 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట 1/50 లేదా 1/100, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120 పెట్టి చూడండి.

సెకండ్ హ్యాండ్ అయితే ఇంకో మూడు పరీక్షలు. అపర్చర్‌ను వీలైనంత చిన్నది చేసి (జీఆర్‌కు ఎఫ్/16, ఒక అంగుళం కెమెరాలకు ఎఫ్/11) తెల్లగోడను ఫోకస్ లేకుండా తీయండి. బూడిదరంగు మచ్చలు కనబడితే సెన్సర్‌మీద దుమ్ము చేరినట్టు. జేబుల్లో తిరిగే కెమెరాలకు ఇది మామూలే, కానీ లెన్స్ ఊడదు కాబట్టి విప్పి శుభ్రం చేయించాల్సిందే, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. తర్వాత లెన్స్‌కు చెయ్యి అడ్డం పెట్టి, ఐఎస్ఓ 1600లో కొన్ని సెకన్ల పాటు చీకటి ఫోటో ఒకటి తీయండి. నల్లటి తెరమీద ఎరుపు, నీలం చుక్కలు రెండు మూడు ఉంటే పరవాలేదు, చుక్కలు కుప్పలుగా కనబడితే వదిలేయండి. చివరగా కెమెరాను వరసగా పదిసార్లు ఆన్, ఆఫ్ చేయండి. లెన్స్ బయటికొచ్చేటప్పుడు గరగరమన్నా, ఒక్కసారి తడబడినా, ఎంత చవగ్గా ఇస్తానన్నా తీసుకోకండి. లెన్స్ మోటారు రిపేరు ఖర్చు చాలాసార్లు కెమెరా ఖరీదుకు దగ్గరగా పోతుంది.